ఒక్క తీర్పు, ఒక్క ప్రశ్నకే

ఓడినవాడి భుజం తట్టి ‘మళ్లీ ప్రయత్నించు’ అంటాం. పదో తరగతి తప్పినా, ఉద్యోగం రాకపోయినా, పంచాయతీ ఎన్నికల్లో ఓడినా మన దగ్గర ఉన్న మందు ఇదే. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. కానీ మళ్లీ రాసే వీలే లేని పరీక్షలో తప్పినవాడికి ఏం చెప్పాలి? అప్పుడు కూడా ఆ మాటే అంటే అది ఓదార్పా, అబద్ధమా? అసలు ప్రయత్నం అంటే మూసిన తలుపునే పదే పదే తట్టడమేనా? బస్తర్‌లో యువకుల మధ్య పనిచేసే మాకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. వాయుసేన పైలట్ కావాలని బయల్దేరి, యోగ్యతా పరీక్ష దగ్గర ఆగిపోయి ఇంటికి తిరిగొచ్చిన పిల్లల నుంచి వచ్చింది.

బస్తర్‌లో పైలట్ కలలా అని కొందరు ఆశ్చర్యపోవచ్చు. నిజానికి మన తెలుగు జిల్లాల పల్లెపిల్లల కంటే ఇక్కడి పిల్లలు హెలికాప్టర్‌ను దగ్గరగా చూశారు. గాయపడ్డ జవాన్లను అడవిలోంచి తీసుకెళ్లేది అదే. దారిలేని ఊళ్లకు ఎన్నికల సిబ్బందిని చేరవేసేదీ అదే. దాని చప్పుడు వింటే భయపడే పిల్లలున్నారు, దాన్ని నడిపేవాడు కావాలనుకునే పిల్లలూ ఉన్నారు. ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒకే పిల్లవాడిలో ఉంటారు. 2020 సెప్టెంబరులో హైదరాబాద్, జగదల్‌పూర్, రాయపూర్‌లను కలుపుతూ ప్రయాణికుల విమానం తిరగడం మొదలయ్యాక ఆకాశం ఇంకొంచెం దగ్గరైంది. దంతెవాడ జిల్లాలో ఆదివాసీ విద్యార్థులకు ప్రవేశ పరీక్షల శిక్షణ ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం పేరే ‘ఛూ లో ఆస్‌మాన్’. అంటే ఆకాశాన్ని అందుకో అని. అందుకోమని పిలిచినప్పుడు, చేయి అందకపోతే ఏం చేయాలో కూడా చెప్పాల్సిన బాధ్యత పిలిచినవాళ్ల మీద ఉంటుంది. ఆయుధం ఉన్న వృత్తిని బౌద్ధుడు ఎంచుకోవచ్చా అన్నది వేరే చర్చ. దాన్ని ఇక్కడ ఎత్తుకోవడం లేదు.

ముందు ఆ పరీక్ష ఏమిటో చూద్దాం. వాయుసేన అధికారి కావాలంటే రాతపరీక్ష గట్టెక్కాలి. తర్వాత డెహ్రాడూన్, మైసూరు, గాంధీనగర్, వారణాసి వంటి చోట్ల ఉన్న ఎంపిక బోర్డుల ముందుకు వెళ్లాలి. మొదటి రోజే చాలామందిని వెనక్కి పంపేస్తారు. మిగిలినవాళ్లకు మనస్తత్వ పరీక్షలు, బృందంలో చేసే పనులు, ముఖాముఖి ఉంటాయి. వీటిలో తప్పినవాళ్లు వయసు, అర్హత ఉన్నంతవరకు మళ్లీ రావచ్చు. ఫ్లయింగ్ శాఖకు వెళ్లేవాళ్లకు మాత్రం ఇంకో మెట్టు ఉంది. ఒకప్పుడు దాన్ని పైలట్ ఆప్టిట్యూడ్ బ్యాటరీ టెస్ట్ అనేవారు. ఇప్పుడు కంప్యూటరైజ్డ్ పైలట్ సెలక్షన్ సిస్టం అంటున్నారు. పాత పద్ధతిలో అభ్యర్థి విమానం గడియారాల బొమ్మలు చూసి విమానం ఎటు తిరిగి ఉందో, ఎంత ఎత్తులో ఉందో చెప్పాలి. యంత్రం ముందు కూర్చుని, చేతితో కర్రను, కాళ్లతో పెడళ్లను కదుపుతూ తెర మీద పారిపోయే చుక్కను మధ్యలో నిలపాలి. ఆ మధ్యలోనే దీపం వెలిగితే, చప్పుడు వినిపిస్తే దానికీ స్పందించాలి. ఇప్పటి కంప్యూటర్ పద్ధతి కూడా ప్రధానంగా చూసేది ఇలాంటి నేర్పునే. కన్ను, చెయ్యి, కాలు, మెదడు ఒకేసారి ఎంత పొందికగా పనిచేస్తున్నాయో కొలుస్తుంది.

ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారే. తప్పితే సైన్యంలో పైలట్ దారి మూసుకుపోయినట్టే. వచ్చే ఏడాది లేదు, అప్పీలు లేదు.

కోంట వైపు నుంచి వచ్చిన ఒక యువకుడి సంగతి చెబుతాం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. వేసవిలో తల్లిదండ్రులు తునికాకు కోసి కల్లంలో అమ్మేవారు. జగదల్‌పూర్‌లో డిగ్రీ చదివాడు. మొదటిసారి బోర్డుకు వెళ్తే తొలిరోజే వెనక్కి పంపారు. బృంద చర్చలో నోరు పెగల్లేదన్నాడు. ఏడాదిపాటు మాట్లాడటం సాధన చేశాడు, రోజూ పేపరు చదివాడు, మళ్లీ వెళ్లాడు. ఈసారి బోర్డు పరీక్షలన్నీ గట్టెక్కాడు. యంత్రం ముందు కూర్చున్నాడు. తప్పాడు. ఇంటికొచ్చాక పది రోజులు గడప దాటలేదు. మేము వెళ్లినప్పుడు వాళ్ల నాన్న అడిగిన మొదటి మాట, “సార్, మళ్లీ ఎప్పుడు పెడతారంట ఆ పరీక్ష?” అని. “ఆ ఒక్కటి మళ్లీ లేదన్నా” అన్నాం. కొడుకు తలెత్తి మా వైపు చూశాడు. ఆ మాట తండ్రికి తను చెప్పలేక పది రోజులుగా మోస్తున్నాడు.

ఒకే మనిషికి రెండు ఓటములు. మొదటిదానికి ‘మళ్లీ ప్రయత్నించు’ సరైన మందు. రెండోదానికి అదే మందు విషం. ఏది ఏదో తెలుసుకోవడం దగ్గరే వివేకం మొదలవుతుంది.

మేము చదువుకున్న న్యాయశాస్త్రంలో ఒక సూత్రం ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 11వ సెక్షన్. దాన్ని రెస్ జుడికేటా అంటారు. అధికారం ఉన్న కోర్టు ఒక వివాదాన్ని విచారించి తేల్చేశాక, అవే పక్షాలు అదే వివాదాన్ని మళ్లీ దావాగా తేకూడదు. అందరికీ గుర్తుండేది ఇంతవరకే. రెండో సగం కూడా అంతే ముఖ్యం. ఆ తీర్పు కట్టడి చేసేది కోర్టు ముందు నేరుగా నిలిచి, విచారణ జరిగి, తేలిన అంశాన్నే. గట్టు తగాదాలో ఓడిన రైతు ఆ గట్టు మీద మళ్లీ దావా వేయలేడు. అంతమాత్రాన అతని ఇల్లు, బావి, పశువులు, ఊళ్లో పరువు పోయాయని ఏ కోర్టూ అనలేదు.

పైలట్ యోగ్యతా పరీక్ష కూడా ఇలాంటి తీర్పే. దాని ముందున్న ప్రశ్న ఒక్కటి: యుద్ధవిమానం నడిపే శిక్షణకు ఈ కన్ను, ఈ చేయి, ఈ స్పందన సరిపోతాయా? ‘సరిపోవు’ అని అది చెప్పవచ్చు. ఆ జవాబును ఒప్పుకుందాం. కానీ ఇతను తెలివైనవాడా, ధైర్యవంతుడా, తల్లిదండ్రుల కష్టానికి తగినవాడా, పనికొచ్చే మనిషేనా అన్న ప్రశ్నలు ఆ యంత్రం ముందు లేవు. అడగని ప్రశ్నకు జవాబు ఇవ్వడం ఏ న్యాయస్థానానికీ చేతకాదు. ఆ మాటకొస్తే ఫ్లయింగ్ శాఖకు కనీస ఎత్తు 162.5 సెంటీమీటర్లు ఉండాలి, తొడ పొడవు 64 సెంటీమీటర్లు దాటకూడదు. కాక్‌పిట్‌లో ఇమడాలి కాబట్టి ఈ కొలతలు. తొడ 65 సెంటీమీటర్లు ఉన్నవాణ్ని చూసి ‘చేతకానివాడు’ అని ఎవరూ అనరు. వేళ్ల స్పందనలో తేడా వస్తే మాత్రం ఎందుకు అంటాం?

అనేది మూడు చోట్ల. మొదటిది మనసు. ‘యంత్రం నడపలేకపోయాను’ అన్న మాట రాత్రికి రాత్రే ‘నేను దేనికీ పనికిరాను’గా మారుతుంది. తథాగతుడు చెప్పిన రెండు బాణాల పోలిక ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. మొదటి బాణం బయటి నుంచి తగిలిన దెబ్బ. రెండోది ఆ దెబ్బ మీద మనమే వేసుకునేది. రెండోది ఇల్లు. అక్కడ మాటకంటే మౌనం ఎక్కువ గుచ్చుతుంది. మూడోది ఊరు. ‘మనవాళ్లకు అవన్నీ ఎందుకులే’ అనే గొంతు అక్కడే వినిపిస్తుంది. ఈ మూడో కోర్టుకు అధికార పరిధి లేదు, విచారణ లేదు. అయినా తీర్పు మాత్రం క్షణంలో ఇస్తుంది.

మన సమాజాల పిల్లల మీద ఈ మూడో తీర్పు బరువు రెండింతలు. సౌకర్యమున్న కుటుంబంలో కొడుకు తప్పితే ‘వాడికి రాలేదు’ అంటారు. దళిత, ఆదివాసీ కుటుంబంలో తప్పితే ‘వాళ్లకు రాదు’ అంటారు. ఏకవచనం బహువచనం అవుతుంది, జరిగినది స్వభావంగా మారిపోతుంది. మొదటి తరం అభ్యర్థి తన ఓటమితో పాటు జాతి ఓటమిని కూడా మోసుకుంటూ బస్సు దిగుతాడు. ఇందులో మన పాత్రా ఉంది. వెళ్లేటప్పుడు పూలదండ వేసి, ఫోటో తీసి, ‘మన జాతి గౌరవం నీ చేతిలో ఉంది’ అని పంపిస్తే, ఓడినప్పుడు అతను ఆ గౌరవాన్ని పోగొట్టినవాడు కాక ఏమవుతాడు? ఒక సమాజపు గౌరవాన్ని ఇరవై రెండేళ్ల కుర్రాడి వేళ్ల వేగం మీద పందెం కాసే హక్కు ఎవరికీ లేదు.

ఇలాంటి పిల్లలకు అందరూ చెప్పేది అబ్దుల్ కలాం కథ. అది నిజమే. మద్రాసులో ఏరోనాటికల్ ఇంజినీరింగ్ ముగించిన కలాం డెహ్రాడూన్‌లో వాయుసేన ఎంపిక బోర్డు ముందుకు వెళ్లారు. ఇరవై ఐదుగురిలో తొమ్మిదో స్థానం వచ్చింది. తీసుకున్నది ఎనిమిది మందినే. అక్కడి నుంచి ఆయన రుషికేశ్ వెళ్లి, తర్వాత రక్షణశాఖలో శాస్త్రసాంకేతిక ఉద్యోగంలో చేరారు. రాష్ట్రపతిగా 2006 జూన్ 8న, 74 ఏళ్ల వయసులో, పుణెలో సుఖోయ్-30 యుద్ధవిమానం ఎక్కి ఎగిరారు. మంచి కథ. కానీ ఓడిన కుర్రాడికి దీన్ని చెబితే అతనికి ఏం వినిపిస్తుంది? ‘నువ్వూ రాష్ట్రపతివైతే నీ ఓటమి క్షమార్హం’ అని వినిపిస్తుంది. లెక్క ఇంకోసారి చూద్దాం. ఇరవై ఐదుగురిలో ఎంపిక కానివాళ్లు పదిహేడు మంది. అందులో కలాం ఒకరు. మిగిలిన పదహారు మంది ఎవరు? వాళ్ల పేర్లు చరిత్ర రాసుకోలేదు. వాళ్లలో ఎవరైనా బడిపంతులై ఉంటే, ఇంజినీరై ఉంటే, దుకాణం పెట్టుకుని నలుగురికి అన్నం పెట్టి ఉంటే ఆ బతుకులు వృథానా? ఓటమి తర్వాత ఎలా బతకాలన్న ప్రశ్నకు జవాబు ఆ పదహారు మందికి వర్తించాలి. ఒక్క కలాంకే వర్తించేది నీతి కాదు, లాటరీ.

ఇక్కడ పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చు. మూసిన తలుపును ఒప్పుకోమనడం మనకు అలవాటైన పాత పాఠమే కదా? ‘ఇది నీకు రాసిపెట్టలేదు’ అనే కదా వేల ఏళ్లు మనకు చెప్పారు? ప్రశ్న న్యాయమైనదే. అందుకే తలుపుల్లో తేడా చూడాలి. పుట్టుకను చూసి మూసిన తలుపు ఒకటి. దాన్ని ఒప్పుకోవడం అధమ్మం, దాని మీద పోరాడాల్సిందే. అందరినీ ఒకే కొలతతో కొలిచి మూసిన తలుపు ఇంకొకటి. తెర మీద చుక్క ఎవరి కులమూ అడగదు. విమానం కూలితే పోయే ప్రాణాల్లో ఆ పైలట్‌ది మొదటిది కాబట్టి, ఆ కొలత ఉండటంలో కరుణ కూడా ఉంది. సాధన చేసి పదోసారి నెగ్గినవాడిలో, గాలిలో అనుకోని ప్రమాదం ఎదురైనప్పుడు పనిచేసే సహజ స్పందన ఎంతో ఆ పరీక్ష చెప్పలేదు. ఒక్కసారే అన్న నియమానికి ఉన్న తర్కం అది.

అయితే కొలత సమానమైనంత మాత్రాన అక్కడిదాకా నడిచిన దారి సమానం కాదు. చిన్నప్పటి నుంచి కంప్యూటర్ ఆటలు ఆడిన పిల్లవాడూ, జాయ్‌స్టిక్‌ను మొదటిసారి బోర్డులోనే చూసిన పిల్లవాడూ పక్కపక్కన కూర్చుంటారు. ఆ పరీక్ష ఒక్కసారే అన్న సంగతి అక్కడికి వెళ్లాకే తెలిసిన పిల్లలు మాకు ఎదురయ్యారు. కొందరు రెండు రాత్రులు రైల్లో నిద్రలేకుండా వెళ్లారు. కాబట్టి మన పోరాటం ఉండాల్సింది దారి మీద. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు, ప్రయోగశాల, ఇంగ్లీషు, ముందస్తు సమాచారం, ఎత్తు, కాళ్ల కొలతలు, చూపు ముందే చూసుకునే ఏర్పాటు ఇవన్నీ హక్కుగా అడగాలి. తీర్పును ఒప్పుకోవడానికీ, తీర్పుదాకా నడిచిన దారిని ప్రశ్నించడానికీ మధ్య వైరుధ్యం లేదు.

యోగ్యతా పరీక్షలో తప్పినవాడి కథ మన సాహిత్యంలో ఒకటి ఉంది. చూళపంథకుడు. అన్న మహాపంథకుడు అతనికి ఒక్క గాథ ఇచ్చి కంఠస్థం చేయమన్నాడు. నాలుగు నెలలైనా రాలేదు. ఇక నువ్వు పనికిరావు, విహారం విడిచి పొమ్మన్నాడు అన్న. వెళ్లిపోతున్న ఆ భిక్షువును బుద్ధుడు ఆపి, చేతికి ఒక తెల్లని గుడ్డ ఇచ్చి, దాన్ని చేత్తో రుద్దుతూ ఉండమన్నాడు. రుద్దగా రుద్దగా గుడ్డ మాసింది. తెల్లనిది మాసిపోవడం చూసి పంథకుడు అనిత్యాన్ని గ్రహించాడు, అర్హతుడయ్యాడు. ఈ కథను ఓర్పుకు ఉదాహరణగా చెబుతుంటారు. మాకు ఇంకోటి కనిపిస్తుంది. బుద్ధుడు ‘ఐదో నెల కూడా ఆ గాథే చదువు’ అనలేదు. అతనికి కంఠస్థం రాదన్న అన్న తీర్పును కొట్టివేయనూ లేదు. ఆ తీర్పు నిజమే. కంఠస్థం రానివాడు ధమ్మానికే పనికిరాడు అన్నదే అన్న చేసిన తప్పు. బుద్ధుడు తీర్పును దాని హద్దులో నిలిపి, పంథకుడికి ఇంకో పని ఇచ్చాడు.

తిరిగి రాసే వీలున్న చోట మాత్రం వెనక్కి తగ్గకూడదు. దానికి బాబాసాహెబ్ జీవితమే సాక్ష్యం. 1917లో బరోడా సంస్థానం ఉపకారవేతనం గడువు ముగిసి ఆయన లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. డబ్బు కూడబెట్టుకుని 1920లో తిరిగి వెళ్లారు. రూపాయి సమస్య మీద రాసిన సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులు మార్చి తెమ్మన్నారు. సవరించి మళ్లీ సమర్పించారు. 1923లో డీఎస్సీ పట్టా వచ్చింది. అక్కడ తలుపు మూయలేదు, సవరించమన్నారు. ఏం సవరించాలో తెలుసుకుని మళ్లీ వెళ్లడం సమ్యక్ వ్యాయామం. ఏమీ మార్చకుండా మళ్లీ వెళ్లడం మొండితనం. వీలే లేని చోట మళ్లీ వెళ్తానని కలలు కనడం తృష్ణ. మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం ఒకదానికొకటి పోలిక లేదు.

మరి పోయిన ఏళ్ల సంగతి? ఆ కుర్రాడు మమ్మల్ని అడిగింది ఇదే: “ఐదేళ్లు దీనికే పెట్టాను సార్. అదంతా ఏమైనట్టు?” పల్లెల్లో అందరికీ తెలిసిన ప్రోనోటు ఉదాహరణ చెప్పాం. గడువులోగా దావా వేయకపోతే నోటుకు కాలదోషం పడుతుంది, కోర్టు తలుపు మూసుకుంటుంది. అప్పు అబద్ధమైపోదు. బాకీదారు తర్వాత తనంతట తాను కట్టినా అది చెల్లుబాటయ్యే చెల్లింపే. పోయింది ఒక దారి, సరుకు కాదు. అతను నేర్చుకున్న లెక్కలు, నోరు విప్పి మాట్లాడే ధైర్యం, తెల్లవారుజామున లేచి పరుగెత్తే అలవాటు యంత్రం వెనక్కి తీసుకోలేదు. వాయుసేనలోనే గ్రౌండ్ డ్యూటీ శాఖలకు 26 ఏళ్ల వరకు వయసుంది. విమానం నడపాలన్న కోరికే బలంగా ఉంటే పౌర విమానయానం దారి వేరు. దానికి లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ, వాయుసేన తీర్పు అక్కడ అడ్డం కాదు. ఖర్చు మాత్రం లక్షల్లో ఉంటుంది, ఆ నిజాన్నీ దాచకూడదు. సుక్మాకు ఆనుకుని ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి అనుప్రియ లక్రా అనే ఆదివాసీ యువతి 2019లో వాణిజ్య పైలట్ అయింది. ఇంజినీరింగ్ చదువు వదిలి 2012లో ఆమె ఆ శిక్షణలో చేరింది. ఏడేళ్లు పట్టింది.

ఇంట్లోవాళ్లకు మేము చెప్పేవి కొన్నే. ‘వచ్చేసారి వస్తుందిలే’ అని తెలియక అనవద్దు. ఏ మెట్టులో తప్పాడో అడగండి, ఆ మెట్టుకు రెండో అవకాశం ఉందో లేదో కనుక్కోండి. లేదని తెలిస్తే లేదనే చెప్పండి. నిజం విన్నవాడు ఏడుస్తాడు, తర్వాత లేస్తాడు. అబద్ధం విన్నవాడు ఎదురుచూస్తూ కూర్చుంటాడు. పక్కింటి పిల్లవాడితో పోల్చవద్దు. మొదటి వారంలోనే ‘ఇప్పుడేం చేస్తావ్’ అని నిలదీయవద్దు. కలిసి అన్నం తినండి. నిద్ర పోతున్నాడా, ఒంటరిగా గంటలు గంటలు కూర్చుంటున్నాడా, చావు మాటలు వస్తున్నాయా గమనించండి. వస్తే కసరకుండా, దాచకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు.

మన సంఘాలు, విహారాలు చేయగలిగినవి రెండున్నాయి. పిల్లల్ని పంపేముందు నియమాలన్నీ, ముఖ్యంగా ఒక్కసారే అన్న నియమాన్ని, వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పడం. నెగ్గినవాడికి సన్మానం చేసినంత శ్రద్ధగా, తప్పినవాడి ఇంటికి మొదటి వారంలోనే వెళ్లడం. రెండోదానికి ఫోటోలు ఉండవు. కానీ ఒక సమాజం తన పిల్లల్ని గెలుపు కోసం ప్రేమిస్తోందో, పిల్లలు కాబట్టి ప్రేమిస్తోందో తేలేది ఆ గడప దగ్గరే. పుట్టుకను బట్టి విలువ కట్టడాన్ని మనం తిరస్కరించాం. పుట్టుక స్థానంలో పరీక్షను కూర్చోబెడితే పీఠం మారిందే తప్ప పద్ధతి మారలేదు. యంత్రం ఇచ్చిన తీర్పు యంత్రం అడిగిన ప్రశ్నకే. మిగిలిన ప్రశ్నలన్నీ ఇంకా విచారణలోనే ఉన్నాయి. వాటికి జవాబు ఆ కుర్రాడు బతికి, పనిచేసి చెబుతాడు.